కాటన్ ఐదుసార్లు మార్చాను, ట్యాంక్ కింద కారుతూనే ఉంది

తడిజేబు:

అందరికీ నమస్కారం. ఈ-సిగరెట్‌లో రెడీమేడ్ కాయిల్ ట్యాంకులు మానేసి ఆర్‌టీఏకి (కాయిల్ మనమే చుట్టి, కాటన్ మనమే పెట్టుకునే ట్యాంక్) మారి ఆరు వారాలైంది. కాయిల్ చుట్టడం చేతికొచ్చింది, రుచి బాగుంది. ఈ కారడం ఒక్కటే ప్రాణం తీస్తోంది.

ముందు నా సరంజామా చెప్తాను. 24 మి.మీ. వెడల్పు ట్యాంక్, 4 మి.లీ. పట్టే గాజు, ఒకే కాయిల్ డెక్ (కాయిల్ బిగించే అడుగు పీఠం). గాలి కింద నుంచి వస్తుంది, జ్యూస్ పైన మూత తీసి పోయాలి. 26 గేజ్ కాంథాల్ తీగ, 3 మి.మీ. కడ్డీ మీద ఆరు చుట్లు. మాడ్ (కింద ఉండే బ్యాటరీ పెట్టె) 0.8 ఓమ్ చూపిస్తుంది, ఒక్కోసారి 0.9 అంటుంది. 22 వాట్ల దగ్గర వాడతాను. జ్యూస్‌లో పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), వీజీ (గ్లిసరిన్) సగం సగం.

జరుగుతున్నది ఇదీ. పొద్దున లేచేసరికి బల్ల మీద గుండ్రటి మరక, ఎయిర్‌ఫ్లో రింగ్ చుట్టూ జిగురు. మొదటి దమ్ము లాగగానే గుడగుడమని చప్పుడు, నాలుక మీద వేడి చుక్క. నింపిన వెంటనే ఓ పది నిమిషాలు కారుతుంది, తర్వాత బుద్ధిగా ఉంటుంది, సగానికి వచ్చాక మళ్లీ మొదలు. కాటన్ తక్కువైందేమోనని ఎక్కువ పెడితే మూడో దమ్ముకే మాడు వాసన. తగ్గిస్తే మళ్లీ ధార. ఈ వారంలో ఐదుసార్లు మార్చాను. ఇంట్లో దూది పీచు లేని మూల లేదు.

నిన్న ఆఫీసు మీటింగులో ప్యాంటు జేబులో పెట్టుకుని గంటన్నర కూర్చున్నాను. లేచేసరికి తొడ మీద అరచేతంత మరక. పక్కాయన చూసి "పెన్ను కక్కిందా?" అన్నాడు. అవునన్నాను. ఏం చెప్తాం మరి.

రెండు ప్రశ్నలు. కాటన్ ఎంత పెట్టాలో కొలత ఏమైనా ఉందా? ట్యాంకులోనే లోపం ఉంటే ఎలా తెలుస్తుంది? పారేసి ఇంకోటి తెచ్చుకోవడానికి మనసొప్పట్లేదు.


గాలిమర:

కాటన్ తక్కువైంది, అంతే. నిండా కుక్కండి. నేను కాయిల్‌కు జ్యూస్ వచ్చే దారులు రెండూ కాటన్‌తో గట్టిగా బిగించేస్తాను, ఒక్క చుక్క కారదు.


తడిజేబు:

కుక్కి చూశానండీ. మాడిపోతోంది అన్నాను కదా.


పాతపాళీ:

తడిజేబు గారూ, మీ పక్కాయన తెలియకుండానే అసలు మాట అనేశాడు.

ఇంకు పెన్నుతో రాసినవాళ్లకు ఇది తెలుసు. నిండా ఉన్న పెన్ను కక్కదు. ఇంకు అడుక్కి వచ్చినప్పుడు కక్కుతుంది. ఖాళీ అయిన చోట గాలి చేరుతుంది, చేతి వేడికి ఆ గాలి ఉబ్బుతుంది, ఉబ్బిన గాలి ఇంకును పాళీ గుండా బయటికి నెడుతుంది. నేను చదువుకునే రోజుల్లో చొక్కాలన్నీ అలాగే పాడు చేసుకున్నాను. తొమ్మిదేళ్ల కిందట మొదటి ఆర్‌టీఏ కొన్నప్పుడు ఆ జ్ఞానం నాకు గుర్తుకు రాలేదు. మీలాగే దూదితో కుస్తీ పట్టి రెండు నెలలు వృథా చేశాను.

తడి కింద కనబడుతోంది కాబట్టి మీరు కిందే వెతుకుతున్నారు. స్ట్రాని నీళ్లలో ముంచి, పైన వేలితో మూసి ఎత్తండి. కింద అడ్డమేమీ లేకపోయినా నీళ్లు పడవు. వేలు కాస్త సడలించండి, మొత్తం జారిపోతుంది. మీ ట్యాంకులో ఆ వేలు పని చేసేవి పై మూతలో ఉన్న రబ్బరు రింగు, గాజుకు పైన ఉన్న ఓ-రింగు. అవి గట్టిగా ఉంటే జ్యూస్ పైన గాలి పీడనం బయటికంటే ఒక పిసరు తక్కువగా నిలబడుతుంది, జ్యూస్ వేలాడుతుంది. ఇక దారుల దగ్గర కాటన్ చేయాల్సింది చిన్న పనే. ఆ వేలు సడలితే ఎంత దూది కుక్కినా కాసేపు ఆలస్యం చేయగలరు, ఆపలేరు.

ఇప్పుడు ఒక సంగతి గమనించి చెప్పండి. రెండు మూడు దమ్ములు లాగాక గాజు లోపల, డెక్ దగ్గర నుంచి ఒక బుడగ పైకి లేస్తోందా? కాయిల్ తాగిన జ్యూస్ స్థానంలోకి రావాల్సిన గాలి అది. కాటన్ పక్క నుంచి దూరి, జ్యూస్ గుండా పైకి వెళ్లాలి. ఆ బుడగ కనబడితే మీ పై భాగం బాగున్నట్టే. జ్యూస్ మట్టం దిగుతూ ఉండి బుడగ ఒక్కటీ కనబడకపోతే, గాలి పైనుంచి దొంగదారిలో వస్తోందన్నమాట.

ఈ రాత్రికి కాటన్ జోలికి పోకండి. ట్యాంక్ సగం ఉండగానే మాడ్ నుంచి విప్పండి. టిష్యూ మూడు ముక్కలు చింపండి. ఒకటి గాజు కింది అంచు చుట్టూ, ఒకటి ఎయిర్‌ఫ్లో రింగ్ చుట్టూ రబ్బరు బ్యాండుతో కట్టండి. మూడోది ఖాళీ గ్లాసు అడుగున పరిచి, 510 పిన్ (ట్యాంకును మాడ్‌కు కలిపే అడుగు మొన) దాని మీద ఆనేలా ట్యాంకును నిలబెట్టండి. పొద్దున ఏ ముక్క తడిసిందో చూడండి. గాజు అంచు ముక్క తడిస్తే కింది ఓ-రింగు, లేదా గాజు పగులు. ఎయిర్‌ఫ్లో ముక్క తడిస్తే కాటన్, లేదా పైనుంచి గాలి. పిన్ కింద తడిస్తే పిన్ చుట్టూ ఉండే ఇన్సులేటర్. మూడూ పొడిగా ఉండి, వాడేటప్పుడు మాత్రమే తడి కనబడితే అది లీక్ కాకపోవచ్చు. ఆవిరి చల్లబడి చిమ్నీ (కాయిల్ నుంచి ఆవిరి పైకి వచ్చే గొట్టం) గోడల మీద, గాలి దారిలో చేరే తడి అది. అందరికీ వస్తుంది, రోజుకోసారి తుడుచుకుంటే సరి.

నింపగానే పది నిమిషాలు కారుతుందన్నారు. అది వేరే సంగతి. మూత తీయగానే స్ట్రా మీద వేలు తీసినట్టే. పైనున్న తక్కువ పీడనం పోతుంది. అప్పుడు ఎయిర్‌ఫ్లో తెరిచి ఉంటే జ్యూస్ కాయిల్ మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. పోయడం అయ్యాక మూత బిగిస్తుంటే లోపలి గాలి నలిగి ఇంకాస్త తోస్తుంది. అందుకని ఎయిర్‌ఫ్లో పూర్తిగా మూసి, అప్పుడు మూత తీయండి. గబగబా పోయండి. అంచు దాకా పోయకండి, మూత కూర్చోవడానికి కొంచెం చోటు ఉంచండి. మూత బిగించాక ట్యాంకును తలకిందులు చేసి, అప్పుడు ఎయిర్‌ఫ్లో తెరవండి. నలిగిన గాలి కాయిల్ వైపు నుంచి బుస్సున పోతుంది, జ్యూస్ మాత్రం మూత వైపు ఉండిపోతుంది. పది లెక్కపెట్టి నిటారుగా పెట్టండి. జ్యూస్ దారులు మూసే రింగు మీ ట్యాంకుకు ఉంటే అది కూడా మూసే నింపండి.


సన్నదారం:

పాతపాళీ గారు చెప్పింది సరిగ్గా ఉంది, కానీ ఓ-రింగులు చూడటం ఎలాగో చెప్పలేదు. కళ్లతో చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. నేను మోసపోయింది అక్కడే.

ట్యాంక్ మొత్తం విప్పి, ప్రతి రింగునూ తీసి, వేలి చివర్ల మధ్య కొద్దిగా సాగదీసి చుట్టూ తిప్పుతూ చూడండి. వదులుగా ఉన్నప్పుడు మూసుకుపోయే గాటు సాగదీస్తేనే నోరు తెరుస్తుంది. ఒక వైపు చదునుగా, మెరుస్తూ ఉంటే అది అలసిపోయిన రింగు, మార్చేయండి. కొన్ని ట్యాంకుల్లో రింగులు కంటికి కనబడని చోట ఉంటాయి. చిమ్నీ లోపల ఒకటి, డ్రిప్ టిప్ (నోట్లో పెట్టుకునే మొన) కింద ఒకటి, మూత మడతలో ఒకటి. కడిగేటప్పుడు అవి ఊడి సింకులో పోతే మనకు తెలియదు కూడా. ట్యాంకుతో వచ్చిన విడి రింగుల సంచి పారేయకండి. నేను మొదటిదాన్ని ఆ సంచితో సహా ఊడ్చిపారేశాను.

కొత్త రింగు పెట్టేటప్పుడు దాని మీద ఒక చుక్క వీజీ గానీ జ్యూస్ గానీ రాయండి. పొడి రింగు మీద మూత తిప్పితే అది మూతతో పాటు మెలిపడి, ఒక చోట మడత పడుతుంది. మడత పడిన చోటే గాలి దూరుతుంది. పెట్రోలియం జెల్లీ లాంటివి మాత్రం వద్దు. కొన్ని రబ్బర్లను అది ఉబ్బిస్తుంది, పైగా మనం పీల్చే దారిలో ఆ జిడ్డెందుకు?

గాజును కూడా వెలుతురుకు ఎత్తి, అంచు మీద గోరు నడిపి చూడండి. రింగు ఆనే చోట గోరుకు తగిలే చిన్న పెచ్చు ఉంటే చాలు.

ఇంకొక మాట, దీని కోసం ఎవరూ అడగలేదు కానీ. నిన్న తొడ మీద మరక అన్నారు. జ్యూస్‌లో నికోటిన్ ఉంటే అది చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. బట్ట మార్చి, సబ్బుతో కడుక్కోండి. బల్ల మీద మరక పిల్లల చేతికి, పిల్లి మూతికి అందేలా ఉంచకండి.


గాలిమర:

ఇన్ని సిద్ధాంతాలా! నాకు నాలుగేళ్లుగా కారలేదు. కాటన్ కుక్కడమే. పాతపాళీ గారూ, మీరు కాటన్ తోకలు (కాయిల్ బయటికి వేలాడే చివర్లు) డెక్ అడుగుకు ఆనిస్తారా, పైన వేలాడదీస్తారా? నేను ఆనిస్తాను. అడుగుకు ఆననిది కారుతుంది.


పాతపాళీ:

గాలిమర గారూ, మీరు వాడేది ఏ రకం జ్యూస్ అని నేను అడగబోతున్నాను. పందెం కాయను గానీ, వీజీ ఎక్కువదే అయ్యుండాలి. అవునా?


గాలిమర:

80 శాతం వీజీ. అయితే?


పాతపాళీ:

అందుకే మీకు నడుస్తోంది. 20 డిగ్రీల దగ్గర గ్లిసరిన్ చిక్కదనం ప్రొపిలీన్ గ్లైకాల్ చిక్కదనానికి ఇరవై రెట్ల పైనే. మీ జ్యూస్ దానంతట అదే నెమ్మదిగా కదులుతుంది, కుక్కిన దూదిలోంచి కారడానికి బద్ధకిస్తుంది. 80 శాతం దానితో, కుక్కిన దారులతో మీరు మాడకుండా నడిపిస్తున్నారంటే తక్కువ వాట్ల మీద, దమ్ముకూ దమ్ముకూ మధ్య తీరిగ్గా ఉండే మనిషి అయ్యుంటారు. తడిజేబు గారిది సగం సగం. అది ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతుంది. ఒకరి కొలత ఇంకొకరికి పనికిరానిది ఇందుకే.

తోకల సంగతికి వస్తాను. ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు, "తక్కువ కాదు, ఎక్కువ కాదు" అని తప్పించుకుంటారు. నేను చేసే పద్ధతి మొత్తం చెప్తాను, ఓపికుంటే చదవండి.

దూదిని కాయిల్‌లోంచి లాగుతుంటే కాయిల్ దానితో పాటు రావాలని చూడాలి, కానీ వంగకూడదు. సులువుగా జారిపోతే పలచన. స్క్రూల దగ్గర కాళ్లు వంకర పోతే మందం. కాయిల్ లోపలి మందం ఎంతో అక్కడితో తేలిపోయింది, దానితో ఇక ఆడుకోవద్దు. తోకలను డెక్ బయటి అంచు వరకు కొలిచి కత్తిరించండి. కత్తెర ఏటవాలుగా వేస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు ట్వీజర్స్ మొనతో తోకను దువ్వండి. జుట్టు చిక్కు తీసినట్టు, కాయిల్ నుంచి బయటికి. వదులు పీచు ఊడి వస్తుంది, రానివ్వండి. తోక చివరి మూడో వంతు మొదలుకంటే పలచన కావాలి. మొత్తం పని ఇక్కడే ఉంది. మీరు తగ్గించాల్సింది కాయిల్ లోపలి దూది కాదు, తోక చివరన ఉన్నది. మీరు కాయిల్ లోపల తగ్గించి, తోక అలాగే ఉంచి ఉంటారని నా అనుమానం. అప్పుడు మాడటం, కారడం రెండూ వస్తాయి.

తర్వాత తోకను జ్యూస్ దారిలో వేయండి. తోయకండి, పడుకోబెట్టండి. నా లెక్క ఒక్కటే: దారి వెడల్పు అంతా నిండాలి, లోతు అంతా నిండకూడదు. పక్కల సందు మిగిలితే జ్యూస్ దూదిని తప్పించుకుని పోతుంది. లోతు కుక్కితే జ్యూస్ అందక మాడుతుంది, మాడుతోందని మీరు గట్టిగా లాగుతారు, గట్టిగా లాగితే లోపల పీడనం పడిపోయి జ్యూస్ ఒక్కసారి ఉరికి కాయిల్ మునుగుతుంది. కుక్కినవాళ్లకు కూడా గుడగుడ రావడానికి కారణం ఇదే. ఎయిర్‌ఫ్లో బాగా మూసుకుని గట్టిగా లాగే అలవాటున్నా ఇలాగే అవుతుంది. తోక అడుగుకు ఆనాలా అంటే, దారి లోతు తక్కువగా ఉన్న డెక్ అయితే ఊరికే తాకితే చాలు. లోతైన డెక్ అయితే సగం వరకు వేలాడినా పర్లేదు, వెడల్పు నిండి ఉంటే.

చివరిది. చిమ్నీ పెట్టే ముందే దూదిని పూర్తిగా తడపండి. కాయిల్ మీద చుక్కలు, తోకల మీద చుక్కలు. పొడి దూది గట్టిగా, వంకరగా నిలబడి ఉంటుంది, చుట్టూ సందులు వదులుతుంది. తడిశాక మెత్తబడి దారి ఆకారంలోకి సర్దుకుంటుంది. పొడి దూది మీద చిమ్నీ బిగించి జ్యూస్ పోస్తే, అది తడిసేలోపే సగం కిందికి పోతుంది. చిమ్నీ బిగించేటప్పుడు కూడా తోక ఏదైనా అంచు కింద నలిగిందేమో చూడండి. నలిగిన ఒక్క పీచు చాలు, దీపం వత్తిలా బయటికి లాగేస్తుంది.


లెక్కలపిచ్చి:

జేబు సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నేను లెక్క కట్టాను. ట్యాంకులో 2 మి.లీ. గాలి ఉందనుకోండి. గది 25 డిగ్రీలు, జేబు 35. గాలి సుమారు 3 శాతం ఉబ్బుతుంది, అంటే 0.07 మి.లీ. మిల్లీలీటరుకు ఇరవై చుక్కల లెక్కన చుక్క, చుక్కన్నర బయటికి రావాలి. ఎండలో నిలిపిన కారులో 55 డిగ్రీలైతే నాలుగు చుక్కలు. విమానంలో ఇంకా ఘోరం. పైకి వెళ్లాక క్యాబిన్ పీడనం నేల మీద ఉండేదానిలో నాలుగింట మూడు వంతులకు పడుతుంది, ఆ 2 మి.లీ. గాలి 2.67 మి.లీ. కావాలని చూస్తుంది. పదమూడు చుక్కలు. ఏ ఓ-రింగూ ఏ దూదీ దీన్ని ఆపదు. ప్రయాణానికి ట్యాంక్ ఖాళీ చేసుకుని వెళ్లండి.

ఇంకా ఉంది. గ్లిసరిన్ 20 నుంచి 40 డిగ్రీలకు వెళ్తే చిక్కదనం ఐదో వంతుకు పడిపోతుంది. అంటే వేడికి లోపల గాలి తోస్తుంది, బయట దారి సులువవుతుంది. రెండూ ఒకేసారి. శీతాకాలంలో బాగున్న బిల్డ్ (కాయిల్, కాటన్ అమరిక) ఎండాకాలం రాగానే కారడం మొదలుపెడితే చేతివాటం పోయిందని కంగారు పడకండి.

కానీ అరచేతంత మరక చుక్కన్నరతో రాదు. జేబు వేడి ఒక్కటే కాదు, ట్యాంక్ పడుకుని కూడా ఉంది. కూర్చున్నప్పుడు జేబులోది అడ్డంగా తిరుగుతుంది. సగం ఖాళీ ట్యాంక్ అడ్డంగా ఉంటే ఒక జ్యూస్ దారి గాలిలోకి తేలుతుంది, అటు నుంచి గాలి నేరుగా లోపలికి వచ్చేస్తుంది, ఇంకో దారి నుంచి జ్యూస్ దిగుతుంది. స్ట్రా మీద వేలు తీసేసినట్టే. బ్యాగులోనైనా నిలబెట్టి పెట్టుకోవాలి.


తడిజేబు:

టిష్యూ పరీక్ష ఫలితాలు ఇవిగో. గాజు అంచు ముక్క పొడి. ఎయిర్‌ఫ్లో ముక్క తడిసి ముద్దయింది. పిన్ కింద ముక్క మధ్యలో చీమ తలకాయంత చుక్క. ఇది లీకా, ఎయిర్‌ఫ్లో నుంచి జారి వచ్చిందా తెలియలేదు.

బుడగ సంగతి. ఆరు వారాల్లో ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు. ఇందాక దీపం ముందు పెట్టి పదిహేను దమ్ములు లాగాను. మట్టం దిగింది, బుడగ రాలేదు.


పాతపాళీ:

అయితే మూత విప్పండి. కాటన్ తర్వాత.

పిన్ చుక్కను తేలిగ్గా తీసుకోకండి. మొదటి పోస్టులో ఓమ్ ఒక్కోసారి 0.9 అంటుందన్నారు, అది నాకు అప్పుడే గుచ్చుకుంది. పిన్ వదులైతే రీడింగ్ ఊగుతుంది, ఇన్సులేటర్ పక్క నుంచి జ్యూస్ కూడా దిగుతుంది. అది మాడ్ లోపలికి దిగితే కనెక్టర్ పాడవుతుంది. షార్ట్ అయితే ఇంకా ప్రమాదం. ట్యాంక్ విప్పి ఉండగానే పిన్‌ను స్క్రూడ్రైవర్‌తో పట్టుకుని చూడండి. బిగించేటప్పుడు బలం చూపించకండి. ఇన్సులేటర్ ప్లాస్టిక్, పగులుతుంది. బిగించాక పాజిటివ్ పోస్ట్ (కాయిల్ ఒక కాలు బిగించే స్తంభం) నిటారుగా ఉందో లేదో కూడా చూడండి, పిన్‌తో పాటు అది తిరిగిపోతే కాయిల్ వంకర పోతుంది. వాడే ముందు ఓమ్ మళ్లీ చూడండి.


తడిజేబు:

నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను, తొందరపడి "తగ్గింది" అని రాయడం ఇష్టం లేక.

మూత లోపలి రింగు ఒక చోట లోపలికి మడత పడి ఉంది. సన్నదారం గారు చెప్పినట్టు సాగదీశాను, మడత ఉన్న చోటే పంటి గాటులాంటి చీలిక. పైకి చూస్తే నిజంగానే ఏమీ తెలియదు. విడి సంచిలో రెండు రింగులు దొరికాయి. మొదటిది కాస్త లావు, పెడితే మూత చివరి పావు చుట్టు తిరగలేదు. బలవంతంగా తిప్పబోయి ఆగిపోయాను. రెండోది సరిపోయింది. వీజీ చుక్క రాసి పెట్టాను.

కాటన్ కూడా మార్చాను, ఆరోసారి. తోకలు దువ్వితే నేను ఇన్నాళ్లూ పెడుతున్నదాంట్లో సగం పీచు ఊడి బల్ల మీద పడింది. మీ అనుమానం నిజమే, కాయిల్ లోపల తగ్గిస్తూ తోకలు అలాగే వదిలేస్తున్నాను. తడిపి, చిమ్నీ పెట్టి, ఎయిర్‌ఫ్లో మూసి నింపి, తలకిందులు చేసి తెరిచాను. బుస్సుమంది. నాలుగో దమ్ముకు గాజులో బుడగ లేచింది. ఇంట్లోవాళ్లను పిలిచి చూపించాను, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

రెండు రాత్రులు మూడు టిష్యూలూ పొడి. మూడో రోజు ఎయిర్‌ఫ్లో మూయకుండా మూత తీశాను, అలవాటు. ఒక పలచటి ధార. తుడిచి, డ్రిప్ టిప్ నుంచి ఊది, గాలి రంధ్రాల దగ్గర టిష్యూ పెట్టి అదనపు జ్యూస్ లాగేశాక సర్దుకుంది.

పిన్ పావు చుట్టు వదులుగా ఉంది. బిగించాక 0.81 దగ్గర నిలబడిపోయింది, ఊగట్లేదు. ఇన్నాళ్లూ మాడ్‌ది తప్పనుకుని దాన్ని తిట్టాను.


గాలిమర:

రింగు లోపలికి మడత పడిందన్నారు. అది ఎలా పడుతుంది? నాది కూడా మూత తిప్పేటప్పుడు గట్టిగా ఉంటోంది ఈ మధ్య.


తడిజేబు:

నేను డ్రిప్ టిప్ పట్టుకుని మూత విప్పేవాణ్ణి. పట్టు బాగా దొరుకుతుందని.


సన్నదారం:

అదే. డ్రిప్ టిప్ పట్టుకుంటే బలం ఒక పక్కకే పోతుంది, మూత వాలి ఎక్కుతుంది, రింగు ఆ పక్కన నలుగుతుంది. మూత అంచు చుట్టూ గరుకు గీతలు ఉంటాయి కదా, అక్కడ పట్టుకుని నిటారుగా తిప్పండి. జారితే పొడి గుడ్డ పెట్టుకోండి. గాలిమర గారూ, మీరు కూడా ఒకసారి రింగు తీసి సాగదీసి చూడండి.


గాలిమర:

తీశాను. గాటు ఉంది. 80 శాతం వీజీ కాబట్టి ఇన్నాళ్లు బయటపడలేదంటారా?


పాతపాళీ:

అంటాను.